తుపాను వెలిసిన పిమ్మట: నెల్లూరు తీరమున నష్టనిర్ణయ వృత్తి

ఉత్తరమున రామాయపట్టణము మొదలుకొని దక్షిణమున పులికాటు సరస్సు వఱకు ఇసుకతిన్నెలును, సరుగుడుతోపులును, ఉప్పుకొటారులును, రొయ్యల గుంటలును ఒకదాని చెంత నొకటి నిలిచియున్న నెల్లూరు సముద్రతీరమునకు ఆశ్వయుజ కార్తికములు భయమాసములు. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము ఏ రేవువైపు మొగ్గునో యని పల్లెపల్లెయు ఆకాశము చూచు కాలమది. 1927 నవంబరులో నెల్లూరును, 1984 నవంబరులో శ్రీహరికోట పరిసరములను, 1989 నవంబరులో కావలి ప్రాంతమును తుపానులు మోదినవి. వానిలో పోయిన ప్రాణములనుగూర్చియు, కూలిన యిండ్లనుగూర్చియు వ్రాసినవారు కలరు. గాలి నిలిచి, నీరు తీసి, బురదలో గృహస్థు తన గుమ్మము వెదకికొనుచున్న వేళ చేత కాగితములు పట్టుకొని వచ్చి, ఏమి పోయినది, ఎంత పోయినది, ఏ కారణమున పోయినది అని అడిగి వ్రాసికొను మఱియొక మనుష్యుని చరిత్రను విడిగా వ్రాసినవారు అరుదు.

ఆ మనుష్యుని నేడు సర్వేయరనియు, లాస్ అసెసరనియు పిలుచుచున్నారు. అతని నివేదికను చదివి సొమ్ము మంజూరు చేయువానిని బీమా కార్యాలయములలో క్లెయిముల అధికారి యందురు. ఇవి ఆంగ్లేయులు తెచ్చిన కొత్త ఉద్యోగములని మనవారి తలంపు. పేరు కొత్తది కావచ్చును గాని పని కొత్తది కాదు. ఈ తీరమున బీమా కాలుపెట్టుటకు శతాబ్దములకు పూర్వమే నష్టనిర్ణయము కలదు. రాజు దయగా మొదలై, సర్కారువారి మాఫీగా సాగి, కడకు పాలసీదారుని హక్కుగా నిలువద్రొక్కికొన్న యీ వ్యవస్థ యంతయు ఒక్క కార్యముమీద ఆధారపడియున్నది: బాధ్యత గల యొక వ్యక్తి స్వయముగా వచ్చి, నష్టమును కన్నులార చూచి, చూచినది చూచినట్లు వ్రాసి, క్రింద తన సంతకము చేయుట. ఆ చూచుట యెచట గట్టిగా జరిగినదో అచట ప్రజకు న్యాయము జరిగినది. ఎచట సడలినదో అచట బీమాయే వెనుకకు మరలినది. ఈ తీరపు చరిత్ర నాకు తోపించిన యర్థమిది.

నెల్లూరునకు ఉత్తరమున, చినగంజాము చెంత, మోటుపల్లి యను గ్రామము కలదు. నేడు పల్లెకారుల ఊరు. కాకతీయుల నాడు మహానౌకాశ్రయము. అచటి వీరభద్రాలయమున గణపతిదేవ చక్రవర్తి 1244-45 ప్రాంతమున వేయించిన అభయశాసనము కలదు. ఒక దేశమునుండి మఱియొక దేశమునకు సరకు నింపుకొని బయలుదేరిన ఓడలు తుపానున చిక్కి పగిలి యొడ్డునకు కొట్టుకొని వచ్చినయెడల, అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలాత్కారముగా తమ భాండాగారమునకు చేర్చుకొనుచుండిరనియు, తాము మాత్రము ప్రాణమునకు తెగించి సముద్రయానము చేయు వర్తకులయందలి దయచేతను, కీర్తిధర్మముల కొఱకును, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదంతయు సొంతదారులకే విడిచిపెట్టుచున్నామనియు ఆ శాసనము చాటుచున్నది. ప్రాచీనకాలమున సముద్రము వర్తకుని ఒకమాఱు దోచినయెడల, ఒడ్డున నున్న రాజు రెండవమాఱు దోచుచుండెనన్నమాట. ఆ రెండవ దోపిడిని గణపతిదేవుడు మాన్పెను.

ఈ శాసనమును వర్తకచరిత్రకారులు సుంకముల పట్టిక కొఱకు చదివిరి. నష్టనిర్ణయ మెఱిగినవాడు అందు మఱియొక విషయమును చూడగలడు. పగిలిన యోడలోని సరకులో సుంకము మినహాయించి తక్కినది యిచ్చివేయవలెనన్నచో, ఆ సరకు ఎంతయో, ఎవరిదో, ఎంత చెడినదో, ఎంత మిగిలినదో ఇసుకమీద నిలిచి లెక్కపెట్టువాడు ఒకడు తప్పక యుండవలెను గదా! అతని పేరు శాసనమున లేదు. అతని పని లేక ఆ శాసనమే అమలు జరుగదు. రాజు దయను రూకలలోనికి మార్చినవాడు ఆ లెక్కరి.

స్మృతికారులును ఈ విషయమున మౌనము వహింపలేదు. నావికుల తప్పువలన పడవలోని సరకు చెడినయెడల నావికులందఱును కలిసి తమ తమ వంతున ఇచ్చుకొనవలెననియు, దైవికమైన కారణమున చెడినయెడల వారికి దండనము లేదనియు మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున విధించినది. యాజ్ఞవల్క్యుడు అడవిదారిన పోవు వర్తకునికి నూటికి పది, సముద్రము మీద పోవువానికి నూటికి ఇరువది వడ్డీ నిర్ణయించినాడు. అపాయము హెచ్చినకొలది వెల హెచ్చునను సూత్రమే గదా నేటి ప్రీమియమునకును మూలము! దైవికమా, మానుషమా యను ప్రశ్నయే నేటికిని సర్వేయరు మొదట విచారించు ప్రశ్న. మధ్యధరా సముద్రమున రోడ్సు ద్వీపవాసులు ఓడను తేలిక చేయుటకై పాఱవైచిన సరకు నష్టమును ఓడలోని వర్తకులందఱు పంచుకొనవలెనని చేసికొన్న కట్టడి రోమక ధర్మశాస్త్రమున చేరి, 1890 నాటి యార్కు-ఆంట్‌వర్ప్ నియమములుగా పరిణమించి, ఆ వంతులను లెక్కగట్టు నిపుణులతో ఒక గొప్ప వృత్తినే సృష్టించినది. సముద్ర మున్నచోటనెల్ల మనుష్యునకు ఇట్టి యవసరమే కలిగినది.

పదునేడవ శతాబ్దమున ఆంగ్లేయ వర్తకసంఘమువారు దుగరాజపట్టణమున, తమ నోట ఆర్మగానుగా పలికిన రేవున, గిడ్డంగి కట్టి ఫిరంగులు నిలిపిరి. అచటి యధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణమునకు పోయి చెన్నపట్టణపు నేలను సంపాదించుటతో ఆ రేవు వెలవెలపోయెను. చెన్నపట్టణము పెరిగెను, నెల్లూరు తీరము దానికి సరకు పంపు పెరడయ్యెను. 1806లో ఆరంభమై, 1877-78 నాటి ఘోరక్షామమున కూటికై వచ్చిన కూలీల చెమటతో కలుపబడి, బకింగుహాము కాలువయని పేరొందిన జలమార్గమున ఉప్పు, ధాన్యము, సరుగుడు కట్టెలు పడవలమీద చెన్నపట్టణమునకు పోవుచుండెను. 1811 నుండి లండను నగరపు లాయిడ్సువారు ప్రపంచపు రేవులలో తమ ఏజెంట్లను నిలుపుట మొదలిడిరి. ఓడ మునిగినను, సరకు తడిసినను వార్త పంపుటయు, తనిఖీ చేయించుటయు వారి పని. ఆ తనిఖీ పెద్ద యోడలకును, పెద్ద వర్తకులకును చెందినది. కాలువపడవలో ఉప్పుబస్తా కరగిపోయిన చిన్న వర్తకునికి తరుగు లెక్క గుమాస్తా దయయే.

ఆ కాలమున ఈ జిల్లాలో సామాన్యుని నష్టమును నిజముగా చూచినవాడు గ్రామకరణము. రైతువారీ పద్ధతిలో ప్రతిసంవత్సరము శిస్తు కట్టవలసిన రైతునకు, పైరు ఎండి సావి పోయినను, వఱదలో మునిగి పైమాలీ అయినను, మాఫీ దొరకవలెనన్నచో కరణము అజమాయిషీ చేసి అడంగలులో వ్రాయవలెను. ఏ సర్వే నంబరున ఏ పైరు, ఎన్ని సెంట్లు, ఎన్ని అణాల పంట నిలిచినది అని గట్టుగట్టున నడచి చూచుటయే అజమాయిషీ. పదునాఱణాలు పూర్తి పంట. నాలుగణాలన్నచో రైతు గింజలు దక్కించుకొనుట గూడ కష్టము. కరణము వ్రాసినదానిని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు కొన్ని పొలములలో పరీక్షించును. తహశీల్దారు మఱికొన్ని చూచును. జమాబందినాడు దొర గుడారము వేసి లెక్కలు తేల్చును. ఒకని లెక్కను మఱియొకడు పరీక్షించు ఈ అంచెల యేర్పాటు నేటి బీమా కార్యాలయమున సర్వేయరు, క్లెయిముల అధికారి, ఉన్నతాధికారి యను మూడంచెలతో ఎంత దగ్గఱగా నున్నదో చూడుడు.

అందలి దోషములును చిన్నవి కావు. మాఫీ రైతు హక్కు గాదు, సర్కారు అనుగ్రహము. కరణమునకు ఇష్టుడైన రైతు పొలమున అణాలు తగ్గుటయు, కానివాని పొలమున పెరుగుటయు ఊరూర వినవచ్చిన మాటలే. అయినను ఆ కరణము ఊరిలోనివాడు. ఏ చేను పల్లమో, ఏ చేనికి ఏటినీరు మొదట ఎక్కునో పుట్టుక నుండి యెఱిగినవాడు. నెల్లూరు మొలగొలుకుల పైరు వెన్నులో నుండగా మూడుదినములు మునిగినచో ఏమగునో, పాలుపోసికొన్న వెన్ను మునిగినచో ఏమగునో అతనికి పుస్తకము చూడనక్కఱలేదు. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కరణము మునసబు ఉద్యోగములను రద్దుచేసినది. పరంపరాధికారము పోవలసినదే, ఆ రద్దును నేను తప్పుపట్టను. వారితో పాటు గట్టుమీద నడచి చూచు అలవాటు కూడ చాలకాలము మఱుగునపడుటను మాత్రము విచారముతోనే తలచుచున్నాను.

ఇక బీమా సంగతి. భారతదేశమున 1818లో కలకత్తాలో ఓరియంటల్ జీవితబీమా సంస్థయు, 1829లో చెన్నపట్టణమున మద్రాసు ఈక్విటబులును, 1850లో సాధారణ బీమా కొఱకు కలకత్తాలోనే ట్రైటను సంస్థయు వెలసినవి. ఇవి దొరల ప్రాణములకును, ఆస్తిపాస్తులకును పుట్టినవి. తెలుగువారి సొంత సంస్థ యనదగినది బందరున డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1925లో స్థాపించిన ఆంధ్రా ఇన్‌స్యూరెన్సు కంపెనీ. అంతకు రెండేండ్లకు ముందే ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిన ఆ మహనీయుడు, స్వరాజ్యమునకు పొదుపును బీమాయు పునాదులని నమ్మినవాడు. ఖద్దరు కట్టి, చేతిసంచిలో దరఖాస్తు ఫారములు పెట్టుకొని ఊరూర తిరిగిన ఏజెంటు తెలుగునాట నూతన విద్యావంతునికి గౌరవప్రదమైన జీవనోపాధి యయ్యెను. బీమా యమ్మువాడు ఊరికి వచ్చినాడు గాని నష్టము చూచువాడు ఇంకను రాలేదు. మిల్లునకు అగ్నిబీమా గలవాడు సయితము నష్టము పెద్దదైనచో చెన్నపట్టణము నుండి సర్వేయరు రైలుదిగు వఱకు కాలిన బస్తాలను కదపక కాపలా కాయవలసివచ్చెడిది. అదియుగాక నాటి అగ్నిపాలసీ అగ్నికే. తుపాను, వఱదల కొఱకు వేఱుగా ప్రీమియము చెల్లించి షరతు చేర్చుకొనని వర్తకునికి కప్పెగిరిపోయినను పైసా రాదు. తుపానుల తీరమున అగ్నికి మాత్రమే పాలసీ తీసికొని నిశ్చింతగా నున్నవారు ఎందఱో!

1968లో జరిగిన శాసనసవరణ ఈ వృత్తికి జన్మపత్రిక వంటిది. 1938 నాటి బీమా చట్టమునకు అప్పుడు చేర్చబడిన 64యూఎం అను విభాగము, ఇరువదివేల రూపాయలు గాని అంతకు మించి గాని గల నష్టమును లైసెన్సు పొందిన సర్వేయరు నివేదిక లేక బీమా సంస్థ చెల్లింపరాదని శాసించినది. సర్వేయరు వేఱు, సంస్థ వేఱు. అతనికి జీతము లేదు, ఫీజు మాత్రమే. పాలసీదారునికి గాని, సంస్థకు గాని కొమ్ముకాయక తీర్పు చెప్పవలసినవాడు. ఆ సవరణయే, అతడు నిర్ణయించిన మొత్తముకంటె వేఱుగా చెల్లించు అధికారమును సంస్థకు మిగిల్చినది గూడ. తమకు నచ్చిన నివేదిక వచ్చు వఱకు ఒకని తరువాత నొకని సర్వేయర్లను మార్చుచు పోవుటకు సంస్థలకు హక్కు లేదని, మార్చినచో కారణము చెప్పవలెనని సుప్రీంకోర్టు 2009లో శ్రీ వేంకటేశ్వర సిండికేటు వ్యాజ్యమున తేల్చి చెప్పవలసివచ్చెను. చట్టము పుట్టిన నలుబదియేండ్లకు గాని ఆ మాట స్పష్టము కాకపోవుట శోచనీయము.

1973 జనవరి ఒకటవ తేదీనుండి సాధారణ బీమా జాతీయమయ్యెను. నూటయేడు సంస్థలు నాలుగింటిలో లీనమయ్యెను. అందు యునైటెడ్ ఇండియా సంస్థకు చెన్నపట్టణము ప్రధానస్థానము. జిల్లాకేంద్రములకు డివిజనల్ కార్యాలయములు, చిన్న పట్టణములకు శాఖలు రాసాగెను. ఉద్యోగములు వచ్చెను. లైసెన్సు గల సర్వేయర్లు జిల్లాలోనే కాపురముండుటకు అవకాశము చిక్కెను. మోటారు వాహనములకు మూడవవాని బీమా 1946 జూలై నుండియే తప్పనిసరియై యున్నందున, కలకత్తా-మద్రాసు రహదారిమీద బోల్తాపడిన లారీల తనిఖీయే నెల్లూరు సర్వేయరునకు నిత్యభోజనము. స్పాట్ సర్వే, విడిభాగముల తరుగుదల, గ్యారేజి అంచనా, మరమ్మతు పిమ్మట మఱల తనిఖీ: ఈ పని పటిమ నిచ్చును, పొట్టపోయును. ఆ వృత్తియొక్క గాఢత తెలియవలెనన్నచో తుపాను వెలిసిన మూడవనాడు తడిసిన బియ్యపుమిల్లు చూడవలెను.

1989 నవంబరు నాటి కావలి తుపాను వంటిది వెలిసినపుడు మిల్లు ఎట్లుండును? రేకులు ఎగిరి పొరుగు చేలలో పడియుండును. గోడమీద నీరు నిలిచిన ఎత్తున బురదగీత యుండును. సర్వేయరు మొదట చూచునది ఆ గీతనే. టేపు పెట్టి కొలిచి, ఫోటో తీయించి, అప్పుడు గుమాస్తాను పిలుచును. "నీళ్లు ఈడ దాకా వచ్చినాయి సార్, అడుగు రెండు వరసలూ మునిగినాయి. పైవన్నీ రేకులు లేచిపోయినంక వానకి తడిసినాయి," అని గుమాస్తా చెప్పును. ఆ మాట సత్యమే కావచ్చును. అయినను బస్తాలే సాక్ష్యము చెప్పవలెను. ఇనుపగొట్టముతో అడుగు వరుస బస్తాను పొడిచి గుప్పెడు ధాన్యము తీసి, శుద్ధజలములో కడిగి, ఆ నీటిని గాజుగొట్టములో పోసి, సంచిలోనుండి చిన్న సీసా తీసి సిల్వర్ నైట్రేటు రెండు చుక్కలు వేయును. వాననీరైనచో ఆ నీరు తేటగానే యుండును. సముద్రపు నీరు తాకినచో విఱిగిన పాలవలె తెల్లని మడ్డి కట్టును. వానకు తడిసిన ధాన్యమును వెంటనే ఆఱబెట్టి, ఉప్పుడుబియ్యము చేసి కొంత ధర రాబట్టవచ్చును. ఉప్పునీరు పట్టిన ధాన్యమునకు ఆ గతియు లేదు. పైవరుసలకు ఒక సాల్వేజి ధర, అడుగువరుసలకు మఱియొక ధర ఆ రెండు చుక్కలతో తేలిపోవును.

పిమ్మట పుస్తకములు. కొనుగోలు చిట్టాలు, మార్కెటు సెస్సు రసీదులు, లెవీకి తోలిన బియ్యపు లెక్క, కరెంటు బిల్లు. ఇన్ని యూనిట్ల కరెంటునకు ఇంత ధాన్యము ఆడియుండవలెను, కావున గిడ్డంగిలో ఇంత మిగిలియుండవలెను అని వెనుకకు లెక్కించుట. అప్పుడు బయటపడునది చాలమంది మిల్లుదారుల దుఃఖకారణము: గిడ్డంగిలో సరకు పదిలక్షలది, ప్రీమియము తగ్గించుకొనుటకై పాలసీ ఆఱులక్షలకే తీసికొనియుండును. నష్టము అయిదులక్షలైనను చేతికి వచ్చునది మూడే. తక్కిన నాలుగు వంతుల బరువునకు ఆ వర్తకుడు తనకు తానే బీమాదారుడని యావరేజి షరతు చెప్పును. ఈ షరతు క్రూరముగా తోచును. అది లేకున్నచో పూర్తి ప్రీమియము కట్టినవాడు కట్టనివాని నష్టమును మోయవలసివచ్చును. దీనిని మిల్లుదారునికి, అతని కప్పులేని కొట్టములో, అతని భార్యాబిడ్డల యెదుట, కోపము రాకుండ నచ్చజెప్పుటయే సర్వేయరు విద్యలో కడు కఠినమైన భాగము. ఏ పరీక్షయందును ఆ ప్రశ్న యుండదు.

ఇట్లు కన్నులార చూడదగిన నష్టమున వృత్తి గెలిచినది. చూడశక్యము గానిచోట ఓడినది. ఆ యోటమియు నెల్లూరు తీరముననే జరిగినది. 1990 తరువాత ఈ తీరమున వరిచేలు, చవుడుభూములు టైగరు రొయ్య గుంటలుగా మాఱినవి. అప్పులు పెద్దవి, లాభములు పెద్దవి. బీమా సంస్థలును ఉత్సాహముతో పాలసీలు ఇచ్చెను. 1994-95 ప్రాంతమున తెల్లమచ్చ వ్యాధి విరుచుకొనిపడెను. క్లెయిములు పెల్లుబికెను. సర్వేయరు గుంటగట్టున నిలిచి చూచునది యేమి? ఆకుపచ్చని నీరు మాత్రమే. గుంటలో ఎన్ని పిల్లలను వదలిరో హేచరీ రసీదు చెప్పును. అందు మొదటి వారముననే ఎన్ని చచ్చినవో ఎవరును చెప్పలేరు. విసురువల వేసి పడినవానిని లెక్కించి, గుంట వైశాల్యమును వల వైశాల్యముతో భాగించగా వచ్చినదానిచే ఆ లెక్కను హెచ్చించి అంచనా వేయవచ్చును. కాని జబ్బుపడిన రొయ్యలు గట్టువారకు చేరును గనుక గట్టుచెంత వేసిన వల ఎక్కువ చూపును, నడుమ వేసిన వల తక్కువ చూపును. చచ్చిన రొయ్య అడుగునపడి త్వరితముగా కుళ్లిపోవును, బ్రతికినవి దానిని తినివేయును. శవమే సాక్ష్యమైనచోట శవము మిగులదు. మేత పుస్తకమొక్కటే కొంత నమ్మదగినది: చెక్ ట్రేలో మేత మిగులుట యేనాడు మొదలైనదో ఆనాడు వ్యాధి ప్రవేశించినదని అనుభవజ్ఞుడు ఊహించును. రాత్రికి రాత్రి పట్టుబడి చేసి సరకు అమ్మి, తెల్లవాఱి నష్టమని వ్రాయించినవారును ఉండిరి. నిజముగా సర్వస్వము పోగొట్టుకొని, పుస్తకములు సరిగా లేవన్న కారణమున తిరస్కరింపబడినవారును ఉండిరి. ఈ యిరువురిని వేఱుపఱచు సాధనము ఆనాటి సర్వేయరు చేతిలో లేకపోయెను. సంస్థలు వెనుకంజ వేసెను. రొయ్యకు బీమా దొరకుటయే గగనమయ్యెను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యలసాగుపై విధించిన ఆంక్షలు, 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చరు ప్రాధికార చట్టము, 2009 తరువాత వచ్చిన వెనామి రకము — ఇవన్నియు సాగు రూపమును మార్చినవి గాని, ఏటేట కోట్ల రూపాయల విదేశీమారకము తెచ్చు ఈ పంటను పండించు రైతు చాలకాలము ఏ యండయు లేక నిలిచెను. దీనికి రైతుల మోసమే కారణమని కొందఱందురు. నష్టమును చూచు విద్యను పెంచక పాలసీలను మాత్రము పెంచిన సంస్థల తొందరపాటే మొదటి కారణమని నా దృఢవిశ్వాసము.

ఈ వృత్తిలో ప్రవేశించువారి మార్గము గూడ కాలముతో మాఱినది. తొలినాళ్లలో ఇంజనీరు, ఆడిటరు, పదవీవిరమణ చేసిన ఓడల యుద్యోగి తన అనుభవమే పెట్టుబడిగా సర్వేయరయ్యెను. 1955లో బొంబాయిలో స్థాపితమైన ఇన్‌స్యూరెన్సు ఇన్‌స్టిట్యూటు పరీక్షలు బీమా యుద్యోగులకు మెట్లయ్యెను. 1980లో జాతీయ బీమా అకాడమీ వెలసెను. 1999 చట్టముతో ఏర్పడిన నియంత్రణ ప్రాధికారసంస్థ హైదరాబాదునకు తరలివచ్చుటయు, సర్వేయర్ల సంఘము గూడ ఆ నగరముననే నెలకొనుటయు తెలుగువారికి కలిసివచ్చిన విషయములు. నేడు తగిన చదువు గల యువకుడు ఒక సీనియరు సర్వేయరు చెంత పండ్రెండు నెలలు శిక్షణ పొంది, పరీక్ష నెగ్గి, అగ్ని, సముద్రపు సరకు, ఓడ, ఇంజనీరింగు, మోటారు, లాభములకు కలిగిన నష్టము, పంట మొదలైన శాఖలలో తన కర్హమైనవానికి లైసెన్సు పొందును. గురువు వెంట బురదలో నడచిన ఆ పండ్రెండు నెలలే అసలు చదువు. కార్యాలయమున క్లెయిముల శాఖలో చేరినవానిది మఱియొక దారి: కబురు అందగానే రిజిస్టరున నమోదు, ఎంత చెల్లింపవలసివచ్చునో ముందస్తు నిధి కేటాయింపు, పిమ్మట సర్వేయరు నియామకము, నివేదిక, నిర్ణయము. 2002 నాటి నిబంధనలలో నియామకమునకు డెబ్బదిరెండు గంటలు, నివేదికకు ముప్పది దినములు, అది యందిన పిమ్మట నిర్ణయమునకు ముప్పది దినములు గడువుగా నుండెను. ఆలస్యమైనచో బ్యాంకు రేటుకంటె రెండు శాతము ఎక్కువ వడ్డీ యని ఆ నిబంధనలు విధించెను. అటుపై వినియోగదారుల కమిషను, 1998 నుండి అంబుడ్సుమను. ఫైలు మీద తాను వ్రాసిన ప్రతి కారణమును ఒకనాడు న్యాయస్థానమున చదువుదురను ఎఱుకతో వ్రాయువాడే ఆ శాఖలో పైకి వచ్చుచున్నాడు, అది శుభపరిణామము.

పంటల విషయమున మాత్రము దేశము వేఱు దారి పట్టెను. ప్రొఫెసరు దండేకరు సూచించిన ప్రాంతీయ పద్ధతి 1979లో ప్రయోగముగా మొదలై, 1985 ఖరీఫునుండి సమగ్ర పంటల బీమాగా అనేక రాష్ట్రములకు వ్యాపించెను. ఒక్కొక్క రైతు పొలమును చూడక, ఆ ప్రాంతమున కొన్ని చేలలో పంటకోత ప్రయోగములు జరిపి, సగటు దిగుబడి తగ్గినచో అందఱికిని, తగ్గనిచో ఎవరికిని లేదనుట దీని సారము. కోట్ల కమతములుగల దేశమున ఇంతకంటె సాధ్యము కాదని దండేకరుగారి వాదన. అది కొట్టివేయదగినది కాదు. అయినను పెన్నవారనున్న పల్లపు చేను మునిగి, మెట్టనున్న చేలు నిలిచిన ఊరిలో, సగటు బాగున్నదన్న కారణమున రిక్తహస్తుడైన రైతునకు ఆ వాదన ఏమి యూరట కలిగించును? 2016 నాటి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో, స్థానికముగా మునిగిన పొలమును నిర్ణీతమైన గడువులో తెలిపినచో విడిగా చూడవలెనను నియమము చేరుట, చూపును మఱల పొలమునకు తెచ్చిన సవరణ. ఆంధ్రప్రదేశమున నేడు ఈ-క్రాపు నమోదు కొఱకు గ్రామ వ్యవసాయ సహాయకుడు చేను దగ్గఱకు పోయి ఫోనుతో ఫోటో తీయవలసియున్నది. కరణముల నాటి అజమాయిషీ వేఱు వేషమున తిరిగివచ్చినదని చెప్పవచ్చును.

అట్టి అజమాయిషీ ఈనాటికిని చేరనివారు ఈ తీరమున ఇంకను కలరు. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో మైపాడు మొదలు తూపిలిపాళెము వఱకు పట్టపు మత్స్యకారుల తెప్పలు, వలలు అలలపాలైనప్పుడు అధికసంఖ్యాకములకు బీమా లేదు. తరువాత ప్రభుత్వమును, దాతలును ఇచ్చిన ఫైబరు పడవలు వారి నష్టమునకు వెలకట్టి యిచ్చినవి గావు, దయతో ఇచ్చినవి. మోటుపల్లి శాసనము నాటి స్థితికంటె వారు ఎంత ముందునకు వచ్చినట్లు? పులికాటు వారల యానాది రొయ్యలబుట్టకు, పీతలవలకు, గుడిసెకు రసీదు ఉండదు, చిట్టా ఉండదు. నష్టము జరిగిన పిమ్మట ఎంత సమర్థుడైన సర్వేయరు వచ్చినను చూచుటకు ఏమియు మిగులదు. పైరునకు విత్తిన నాడే ఈ-క్రాపున నమోదు జరుగుచున్నట్లు, వలకును, తెప్పకును, బుట్టకును తుపానుకాలమునకు ముందే ఊరూర తిరిగి జాబితా వ్రాసి, సొంతదారునికి ఒక ప్రతి యిచ్చి, ఒకటి మత్స్యశాఖయందు భద్రపఱచుట కష్టసాధ్యమైన పని కాదు. శిక్షణలోనున్న యువ సర్వేయర్లకు ఆ పండ్రెండు నెలలలో ఒక నెల ఈ పని యప్పగింపవచ్చును. వలను చేతబట్టి దాని కన్ను కొలిచి, వయస్సు అడిగి, వెల కట్టుట నేర్చుకొన్నవానికి రేపు మిల్లులోని బస్తా కొత్తగా తోపదు.